వారాల పిల్లవాడు, మూడు రూపాయలు

నల్లరేగడి నేల కథలు: 14వ భాగం

పోయిన భాగంలో చీరాల–పేరాల జనం 1921లో మునిసిపల్ పన్నులు కట్టబోమని ఊరికి ఊరే ఖాళీ చేసి, రామనగరం పాకల్లో పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్న కథ చెప్పుకున్నాం. వాళ్లంతా ఇళ్లున్నవాళ్లు. తలుపులు మూసుకొని, పంతం పట్టి బయటికి నడిచారు. ఆ భాగం పూర్తిచేశాక ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. మూసుకోవడానికి అసలు తలుపే లేనివాళ్ల సంగతేమిటి? చదువు కోసమో కూలి కోసమో పల్లె వదిలి ఒంగోలు, గుంటూరు, నరసరావుపేట చేరిన పిల్లలు, పడుచువాళ్లు ఏ పూట ఎక్కడ తిన్నారు, రాత్రి ఎక్కడ నడుం వాల్చారు? ఈ పట్నాల చరిత్రలో పత్తి మిల్లులకు, పొగాకు బ్యారన్లకు, మిర్చి యార్డుకు చోటుంది. వీధి అరుగుల మీద పడుకొని లేచిపోయిన పిల్లల గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకవు. ఆ వాక్యాలను ఏరుకుంటూ పోదాం.

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం పుట్టాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక ఇటు చేరింది. 1970లో తానే జిల్లా కేంద్రమైంది. రెండేళ్లకు, 1972లో, ఆ జిల్లాకు ఈ పిల్లవాడి పేరే పెట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య పోయేనాటికి ప్రకాశానికి పదకొండేళ్లు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని వెంటబెట్టుకొని ఒంగోలు వచ్చి పూటకూళ్ల ఇల్లు పెట్టింది.

హోటళ్లు లేని కాలమది. కోర్టు వాయిదాలకూ తాలూకా కచేరీ పనులకూ వచ్చినవాళ్లు పూటకు ఇంతని ఇచ్చి అలాంటి ఇంట్లో భోంచేసేవారు. అన్నం అమ్ముకోవడం పాపమని నమ్మే సంఘంలో ఆ పనికి దిగిన ఆడమనిషికి మర్యాద ఉండేది కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మను తలుచుకోండి. నాటకం మొత్తం వెతికినా ఆమెకు మరో పేరు కనిపించదు, చేసే పనే ఆమె పేరు. సుబ్బమ్మ ఆ మాటలన్నీ పడుతూ పొయ్యి దగ్గర పొగ మింగింది. ఆ పొయ్యి కూడా పిల్లలందరి కడుపూ నింపలేకపోయింది. ఊరందరికీ డబ్బు తీసుకొని వడ్డించే ఇల్లాలి కొడుకు తాను మాత్రం వారాలు చేసుకొని చదువుకోవలసి వచ్చింది.

వారాలు అంటే ఏమిటో ఈ తరం పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. పల్లె నుంచి వచ్చిన పేద బ్రాహ్మణ కుర్రవాడు పట్నంలో ఏడు ఇళ్లు కుదుర్చుకుంటాడు. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం కచేరీ గుమాస్తా ఇంట్లో, బుధవారం ఏ పిల్లలు లేని ముసలి దంపతుల ఇంట్లో, ఇలా వారంలో రోజుకో ఇల్లు. చెప్పడానికి సుళువే. ఆ ఏడిళ్లూ కుదరడానికి నెలలు పట్టేది. అయిదు కుదిరి రెండు కుదరనివాడికి ఆ రెండు రోజులూ మంచినీళ్లే. కుదిరిన ఇల్లయినా నమ్మకం లేదు. ఆ ఇంట్లో పురుడో మైలో వచ్చిందంటే పది రోజులు ఆ వారం పోయినట్టే. ఇంటివాళ్లు పెళ్లికి పొరుగూరు వెళ్తే తాళం కప్పే సమాధానం చెప్పేది. ఏకాదశి నాడు గృహస్థులు పుణ్యం కోసం ఉపవాసం ఉంటే, వాళ్లతోపాటు కుర్రవాడూ పస్తు ఉండేవాడు. అతని పుణ్యం సంగతి ఎవరూ అడగలేదు.

తిన్నదానికి బదులు చెయ్యాలి. బావి నుంచి నీళ్లు తోడడం, పూజకు పూలు కోసుకురావడం, ఇంటి పసివాళ్లకు ఎక్కాలు చెప్పడం, బజారుకు పరుగెత్తడం. విస్తరి ముందు ఎంతసేపు కూర్చోవాలో, రెండోసారి అన్నం ఎప్పుడు అడగకూడదో, ఇల్లాలి ముఖం చూసి తెలుసుకునే విద్య బడిలో నేర్పే విద్యకన్నా ముందే వచ్చేది. కొందరు ఇల్లాళ్లు కన్నబిడ్డకన్నా మిన్నగా చూసుకున్నారు. రాత్రికి దాచి చద్దికుండలో మజ్జిగన్నం పెట్టినవాళ్లున్నారు. కొందరి ఇంట ప్రతి ముద్దకూ ఒక మాట కలిసి వచ్చేది. వారాల అన్నం తిని పెద్దవాళ్లయినవారు ఎన్నేళ్లు గడిచినా ఆ ఇళ్లనూ, ఆ ఇళ్ల వారాలనూ మరచిపోలేదు.

ఇక రాత్రి. తెలుగు ఇంటికి వీధివైపున ఉండే అరుగే ఈ పిల్లల వసతి గృహం. పగలు పెద్దలు కూర్చొని కబుర్లు చెప్పుకునే చోటు, రాత్రి పుస్తకాల మూట తలకింద పెట్టుకున్న పిల్లవాడి పడక. వాన జల్లు కొడితే గోడకు అతుక్కుపోవాలి. చదువుకోవడానికి దీపం లేకపోతే గుడి దగ్గరి దీపం. అది ఇల్లు కాదు, వీధీ కాదు. ఇంటికీ వీధికీ మధ్య రెండు మూడు అడుగుల దయ. ఆ దయను నేను తక్కువ చేసి చెప్పను. సర్కారు పట్టించుకోని రోజుల్లో వందల మంది పిల్లల్ని బతికించింది అదే.

ప్రకాశం మిడిల్ స్కూలు పరీక్షకు కట్టవలసిన ఫీజు 3 రూపాయలు. ఇంట్లో లేవు. అడిగినచోట పుట్టలేదు. చివరికి సుబ్బమ్మ తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఆ 3 రూపాయలు తెచ్చింది. ‘నా జీవితయాత్ర’లో ఆయనే చెప్పుకున్న ముచ్చట ఇది. తర్వాతి కాలంలో బారిస్టరై మద్రాసులో వేలు సంపాదించి, ఆ సంపాదననంతా స్వరాజ్య ఉద్యమంలోకీ ‘స్వరాజ్య’ పత్రికలోకీ పోసి, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి. ఆ 3 రూపాయలను మరచిపోకుండా రాసి పెట్టారు.

పరీక్ష గట్టెక్కినా ఒంగోలు అరుగులు పై చదువు చెప్పలేవు. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ కుర్రవాణ్ణి తనతో రాజమండ్రి తీసుకెళ్లారు. ఒంగోలుకు రైలు వచ్చింది 1899లో. అంతకుముందు రాజమండ్రి అంటే నడక, బండి, కాలువ పడవ. నాయుడు గారు నాటకాల మనిషి. ప్రకాశం రంగస్థలం ఎక్కి ఆడవేషాలు కూడా కట్టాడు. వారాల పిల్లవాడికి నిలకడైన నీడ ఇచ్చింది తన కులం ఇళ్లేవీ కాదని, వేరే కులానికి చెందిన ఒక పంతులు గారని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే కథ ఇక్కడి నుంచి అరుగు ఎక్కలేని పిల్లల వైపు తిరుగుతోంది.

1895 సెప్టెంబరు 28న వినుకొండలో గుర్రం జాషువా పుట్టాడు. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమాంబ మాదిగ. రెండు కులాల పెళ్లి కాబట్టి రెండువైపుల నుంచీ రాళ్లు పడ్డాయి. చదువుకుంటున్న ఆ పిల్లవాడికి ఏ వీధిలోనూ వారాలు కుదరవు. అసలు ఆ వీధిలోకి అడుగుపెట్టనివ్వరు. అరుగు ఎంత ఇరుకైనా, దాని మీద కూర్చోవడానికి పుట్టుక కావాలి. క్రైస్తవుడవు, నీకు పురాణాలెందుకని చర్చి వాళ్లు అడిగారు. అంటరానివాడివి, నీకు పద్యమెందుకని పండితులు అడిగారు. 1910లో మేరీతో పెళ్లయింది. మిషన్ బడిలో జీతం నెలకు 3 రూపాయలు.

ఈ అంకె చూసినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రకాశం తల్లి పట్టుబట్ట తాకట్టు పెట్టి కట్టిన ఫీజు 3 రూపాయలు. పాతికేళ్లు దాటాక అదే నేల మీద ఒక యువ ఉపాధ్యాయుడు భార్యతో నెలంతా బతకవలసిన మొత్తం కూడా 3 రూపాయలే. అది కూడా నిలవలేదు. ఉద్యోగం పోయింది. జాషువా కూడా రాజమండ్రి దారే పట్టాడు. 1915–16లలో అక్కడ మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథా సంభాషణలూ గొంతెత్తి చెప్పే పని అది. ముప్ఫై ఏళ్ల తేడాతో ఈ మెట్ట నేల నుంచి ఇద్దరు పేద కుర్రవాళ్లు గోదావరి ఒడ్డుకు చేరితే, ఒకరిని రంగస్థలం, ఒకరిని తెర పక్కన నిలబడిన గొంతు ఆదుకున్నాయి. తేడా ఒక్కటే. ప్రకాశం వెనక ఏడిళ్ల అన్నం, ఒక అరుగు, చెయ్యి పట్టుకున్న గురువు ఉన్నారు. జాషువా వెనక ఆయన గొంతు తప్ప మరొకటి లేదు.

తర్వాత ఆయన గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. 1928 నుంచి అదే పట్నంలో ఉన్నత పాఠశాల తెలుగు పండితుడు. 1934లో ‘అనాథ’, 1941లో ‘గబ్బిలం’ వచ్చాయి. గబ్బిలంలో కబురు పంపే మనిషి ఆకలితో అలమటించే అంటరానివాడు. అతని గుడిసెలోకి వచ్చే చుట్టం ఒక్క గబ్బిలమే. తలుపులు మూసిన ఊరి గురించి అంత ఖచ్చితంగా రాయగలిగింది, ఆ తలుపుల ముందు నిలబడి వచ్చినవాడు కాబట్టే.

మరి అరుగు లేని పిల్లలకు నీడ ఎవరిచ్చారు? ఇందుకు కొంచెం వెనక్కి పోవాలి. ఈ మైదానాల్లో దిక్కులేని పిల్లలు గుంపులుగా రోడ్డున పడింది కరువుల్లో. 1832–33 నందన కరువులో, ఆనాటి అంచనాల ప్రకారం, అప్పటి గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో 2 లక్షల దాకా పోయారు. గంజి దొరుకుతుందని మద్రాసు బాట పట్టినవాళ్లు బాట పొడవునా రాలిపోయారు. ఆ తర్వాత 1876–78 ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడుపుతున్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి, వేల మందికి అక్కడ పని చూపించాడు. తట్ట మోసినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. అన్నం కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు సాగినన్నాళ్లూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ఆగిన తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు.

ఆ సంఖ్య గురించి ప్రపంచమంతా రాశారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఆ మిషన్ బోర్డింగు బడి. దళితులు క్రైస్తవం తీసుకోవడం మొదలుపెట్టగానే పై కులాల వాళ్లు తమ పిల్లల్ని అక్కడి నుంచి మాన్పించుకుపోయారు. దొర వాళ్లను బతిమాలుకొని వెనక్కి తెచ్చుకోలేదు. వచ్చినవాళ్లకే చదువు చెప్పాడు. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడికి ఈ పట్నంలో చాప, పళ్లెం, పలక మూడూ ఒకేచోట దొరకడం అప్పుడే మొదలైంది. గుంటూరులో లూథరన్లూ అదే దారిలో నడిచారు. 1885లో మొదలైన వాళ్ల కళాశాలే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. మతం మార్చడమే వాళ్ల ఉద్దేశమని అనేవాళ్లున్నారు. ఉండవచ్చు. అయితే ఊరి అరుగులన్నీ ఏ ఉద్దేశమూ లేకుండానే ఆ పిల్లల్ని బయట పెట్టాయి గదా.

ఆడపిల్లల సంగతి మరో తీరు. ఏ కులంలో పుట్టినా ఆడపిల్ల వారాలు చేసుకోలేదు, అరుగు మీద పడుకోలేదు. పదేళ్లకే భర్త పోయిన పిల్ల పుట్టింట్లో వంటచాకిరీ చేస్తూ, ఇల్లు ఉండీ ఇల్లు లేనిదిగా బతికేది. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో మొదట వితంతువులకు ఆశ్రయం ఏర్పాటు చేశాడు. 1922లో భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి శారదా నికేతనం స్థాపించాడు. ‘మాలపల్లి’ నవల రాసిన చేతులవి. నవలను సర్కారు నిషేధించింది, బడిని మాత్రం లక్ష్మీబాయమ్మ నిలబెట్టింది. అన్నం, బట్ట, అక్షరం, చేతిపని, వీటన్నిటితో పాటు రాత్రి లోపలి నుంచి గడియ వేసుకోగలిగిన గది. ఆ గడియ విలువ ఆడవాళ్లకే తెలుస్తుంది.

నీడ పేరుతో జరిగిన అన్యాయం కూడా ఈ నేల మీదే ఉంది. దాన్ని దాటేసి పోలేను. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లను ఒకచోట ఉంచడానికి బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. నడిపించింది సాల్వేషన్ ఆర్మీ. పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్‌ది. ఉప్పు, కరివేపాకు మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికే జనాన్ని రైళ్లూ పన్నులూ దెబ్బతీశాక, తిరగడమే నేరమన్నారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఆ పిల్లల నెత్తి మీద కప్పు ఉంది, పళ్లెంలో అన్నం ఉంది. సెలవు చీటీ లేకుండా ఊరి పొలిమేర దాటే వీలు మాత్రం లేదు. 1952లో ఆ ముద్ర చెరిపేశారు. ఆ ఊరి పేరు చెబితే నేటికీ కొందరు కనుబొమలు ముడుస్తారు. అక్కడి యువకులకు పట్నంలో గది అద్దెకు దొరకకపోవడానికి అదొక్కటే చాలు.

అరుగు దయ హక్కుగా మారడానికి చాలా కాలం పట్టింది. 1920ల నుంచి మద్రాసు సర్కారు లేబర్ శాఖ అణగారిన కులాల పిల్లలకు బడులు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. స్వాతంత్య్రం తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు తాలూకా తాలూకాకూ వచ్చాయి. 1972లో గుంటూరు పక్కన తాడికొండలో గురుకులం తెరిచారు. పాఠకుల్లో ఆ హాస్టళ్ల అన్నం తిన్నవాళ్లు ఎందరో ఉంటారు. నీళ్ల చారు, దోమలు, తలుపుల్లేని మరుగుదొడ్లు వాళ్లకు గుర్తే. అయినా అక్కడ పిల్లవాడు విస్తరి ముందు ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. గంట కొట్టగానే పళ్లెం పట్టుకొని వరసలో నిలబడితే చాలు. వారాల అన్నానికీ హాస్టల్ అన్నానికీ మధ్య ఉన్న దూరమంతా అదే.

హాస్టల్ దాటిన వయసు వాళ్ల మాట మళ్లీ మొదటికే వస్తుంది. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. కౌలుకు చేసి, పురుగుమందుల కొట్లో అప్పు పెట్టిన రైతులు ఆ మందే తాగారు. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఆ ఏడు, మరుసటి ఏడు ఇంటి పెద్దను పోగొట్టుకున్న కొడుకులు చదువు మాని బస్సెక్కారు. అలాంటి పిల్లలకు పట్నంలో ముందు దొరికేది రైల్వే ప్లాట్‌ఫారం. గుంటూరు, తెనాలి రైళ్లన్నీ కలిసే విజయవాడ జంక్షన్లో ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు ఎంతమంది చేరారంటే, వాళ్ల కోసమే 1989లో డాన్ బాస్కో సభ ఫాదర్లు నవజీవన్ బాలభవన్ తెరిచారు.

ప్రతి లక్ష పట్టణ జనాభాకూ ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనాభా లెక్కల వాళ్లు దేశమంతటా ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. దేశంలో 17.7 లక్షలు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1 లక్షా 45 వేలు. ఫిబ్రవరి 28 అంటే మన వైపు మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి వచ్చి, చేల గట్ల మీద పట్టాలు కట్టుకొని నిద్రపోయే రాత్రి.

ఆ వలసల వల్ల బడి పోతుందని, పిల్లల్ని సొంత ఊళ్లోనే ఉంచేందుకు సీజనల్ హాస్టళ్లు పెట్టారు. వారాల పిల్లవాడు చదువు కోసం ఇల్లు వదిలి పట్నానికి వచ్చాడు. ఈ పిల్లవాడికి చదువు నిలవాలంటే తానక్కడే ఉండి, అమ్మానాన్నలను లారీ ఎక్కించాలి. ఎనిమిదో తరగతి దాటితే ఆ హాస్టల్లోనూ చోటుండదు. అందుకే కోత గుంపుల్లో పదిహేను, పదహారేళ్ల వాళ్లు కనిపిస్తారు. తెల్లారకముందే చేలో దిగి, పొద్దు గుంకేదాకా వంగి కాయ కోసి, కల్లంలో ఎండబోస్తారు. ఘాటుకు చేతులు మండుతుంటే రాత్రి నిద్ర రాదు. ఉగాది దాటాక కోతలు అయిపోతాయి. పెద్దవాళ్లు ఊరికి మళ్లుతారు. కొందరు కుర్రవాళ్లు మళ్లరు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తే పనో, కోల్డ్ స్టోరేజీలో పనో చూసుకొని గుంటూరులో ఉండిపోతారు.

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఇప్పుడు వీధి అరుగులు లేవు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయాయి, అపార్టుమెంట్లు లేచినప్పుడు మిగిలినవి పోయాయి. మొన్న మార్చిలో ఒక రాత్రి యార్డు దారిలో వస్తుంటే, నిలిపి ఉంచిన లారీ కింద గోనె పరుచుకొని ఒక కుర్రవాడు పడుకొని ఉన్నాడు. ఏ ఊరు బాబూ అంటే కోసిగి పక్కన అన్నాడు. ఎంతదాకా చదివావంటే తొమ్మిది అన్నాడు. అన్నం తిన్నావా అంటే, అయిదు రూపాయల క్యాంటీన్లో తిన్నానన్నాడు. వానొస్తే ఎక్కడ పడుకుంటావని అడిగాను. లారీ తియ్యకపోతే ఇక్కడే అన్నాడు.

(సశేషం)